కంప్యూటర్ సందేహాలు: వర్డ్‌లో నంబర్ల జాబితాలు, పేరాల మధ్య ఎడం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. ప్రశ్నపత్రాలు, సంఘాల నియమావళులు, కోర్టు కాగితాలు, పుస్తకాల రాతప్రతులు ఇలా అవసరాలు వేరు కావచ్చు. బాధ మాత్రం ఒకటే: నంబర్లు చెప్పిన మాట వినవు, పేరాల మధ్య ఖాళీ అదుపులో ఉండదు. అందుకని మిగతా సందేహాలను పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తాన్నీ దీనికే కేటాయించాం. జవాబులు మైక్రోసాఫ్ట్ వర్డ్ 2016, ఆ తర్వాతి వెర్షన్లకు వర్తిస్తాయి. లిబ్రే ఆఫీస్ వాడేవారికి చివర్లో వేరే జవాబు ఉంది. మెనూల పేర్లను తెరమీద ఇంగ్లిష్‌లో కనిపించేవే తెలుగు లిపిలో ఇచ్చాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి టైపు చేస్తున్నాను. నియమాలకు నంబర్లు పెట్టగానే వాటి మధ్య ఉన్న ఖాళీ మాయమైంది. ‘స్పేసింగ్ ఆఫ్టర్’లో 6 ఇచ్చాను, 12 ఇచ్చాను, ఏమీ కదల్లేదు. చివరి నియమం కింద మాత్రం ఖాళీ పెరుగుతోంది. ఎందుకిలా?
– సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: మీరిచ్చిన 12 పాయింట్లు అక్కడే ఉన్నాయి. వాటిని వర్డ్ లెక్కలోకి తీసుకోవడం లేదు, అంతే. మామూలు పేరా మీద నంబరు బటన్ నొక్కగానే వర్డ్ దాని స్టైల్‌ను (ఫాంటు, ఎడం లాంటి అమరికలన్నీ కలిపి పెట్టిన పేరు) ‘నార్మల్’ నుంచి ‘లిస్ట్ పేరాగ్రాఫ్’కు మార్చేస్తుంది. ఆ స్టైల్‌లో ‘డోంట్ యాడ్ స్పేస్ బిట్వీన్ పేరాగ్రాఫ్స్ ఆఫ్ ద సేమ్ స్టైల్’ అనే గడిలో ముందే టిక్ పెట్టి ఉంటుంది. ఒకే స్టైల్ ఉన్న రెండు పేరాలు పక్కపక్కన వస్తే వాటి మధ్య ఖాళీ వదలొద్దని దాని అర్థం. మీ చివరి నియమం తర్వాత వచ్చే పేరా వేరే స్టైల్‌ది కాబట్టి అక్కడ మాత్రం 12 పాయింట్లూ కనిపించాయి.

జాబితా మొత్తం సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లో ‘పేరాగ్రాఫ్’ విభాగం కింది మూలన ఉన్న చిన్న బాణం నొక్కండి. తెరుచుకున్న పెట్టెలో ‘స్పేసింగ్’ దగ్గర ఆ టిక్ తీసేయండి. ఈ ఒక్క జాబితాకైతే ఇంతే చాలు. నియమావళి పొడవునా జాబితాలు ఉంటాయి కాబట్టి మీరు స్టైల్‌నే మార్చుకోవడం మంచిది. కంట్రోల్ + ఆల్ట్ + షిఫ్ట్ + ఎస్ నొక్కితే స్టైల్స్ పట్టీ వస్తుంది. అందులో ‘లిస్ట్ పేరాగ్రాఫ్’ మీద రైట్ క్లిక్ చేసి ‘మాడిఫై’, ఆ పెట్టెలో కింద ‘ఫార్మాట్’, అందులో ‘పేరాగ్రాఫ్’. అక్కడ టిక్ తీసి, ‘ఆఫ్టర్’లో కావలసిన అంకె ఇవ్వండి. ఫైల్లోని జాబితాలన్నీ ఒకేసారి సర్దుకుంటాయి.

ఎంత ఇవ్వాలి? 72 పాయింట్లు ఒక అంగుళం, అంటే 12 పాయింట్లు అంగుళంలో ఆరో వంతు. ఒక్కో నియమం ఒకే వరుసలో ముగిసేదైతే 4 పాయింట్లు సరిపోతాయి. మూడు నాలుగు వరుసల నియమాలైతే 6 నుంచి 8 ఇవ్వండి. తెలుగులో వరుసల మధ్య దూరమే ఎక్కువ. కాబట్టి 2, 3 పాయింట్లు ఇస్తే ఒక నియమం ఎక్కడ ముగిసిందో చదివేవారి కంటికి ఆనదు.

దీనికి సంబంధించిందే మరో సంగతి. వర్డ్ 2007, 2010లలో కొత్త ఫైలు తెరిస్తే పేరా తర్వాత 10 పాయింట్లు, వరుసల ఎడం 1.15గా ఉండేది. 2013లో అది 8 పాయింట్లు, 1.08 అయింది. పాత ఫైల్లోని ముక్కను తెచ్చి కొత్త ఫైల్లో అతికిస్తే పేజీల లెక్క మారిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ప్రశ్న: నూట ఇరవై పేజీల అనువాదం పూర్తయింది. పేరాకూ పేరాకూ మధ్య ఎంటర్ రెండుసార్లు కొడుతూ వచ్చాను. ఇప్పుడు కొన్ని పేజీలు ఖాళీ వరుసతో మొదలవుతున్నాయి. జాబితాలు ఉన్నచోట ఖాళీ వరుసలకూ నంబర్లు పడుతున్నాయి. మళ్లీ మొదటినుంచి చేయాలా?
– అనువాదకురాలు, హన్మకొండ

జవాబు: అక్కర్లేదు. పది నిమిషాల పని. ముందు కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కండి. ప్రతి పేరా చివరా ¶ గుర్తు కనిపిస్తుంది. వర్డ్‌తో వేగాలంటే ఈ గుర్తును చూడటం అలవాటు చేసుకోవాలి. పేరా ఎడం, ఇండెంట్ (అంచు నుంచి వచనం జరిగే దూరం), నంబరు ఇవన్నీ ఆ గుర్తును అంటిపెట్టుకునే ఉంటాయి. మీరు కొట్టిన రెండో ఎంటర్ వర్డ్ దృష్టిలో ఖాళీ కాదు, అక్షరాలు లేని మరో పేరా. అందుకే దానికీ నంబరు ఇస్తుంది. అది పేజీ మొదట్లో పడితే అక్కడా ఒక వరుస ఖాళీగా మిగులుతుంది.

ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకుని, కంట్రోల్ + హెచ్ నొక్కండి. ‘ఫైండ్ వాట్’ గడిలో కర్సర్ ఉంచి, ‘మోర్’ నొక్కి, కింద ‘స్పెషల్’లో ‘పేరాగ్రాఫ్ మార్క్’ ఎంచుకోండి. అదే మరోసారి ఎంచుకుంటే ఆ గడిలో రెండు గుర్తులవుతాయి. ‘రీప్లేస్ విత్’ గడిలో ఒక్కసారే ఎంచుకుని ‘రీప్లేస్ ఆల్’ నొక్కండి. మూడు నాలుగు ఎంటర్లు వరసగా ఉన్నచోట ఒకసారికి పోవు. కాబట్టి ఎన్ని మార్చిందో వర్డ్ చెప్పే సంఖ్య తగ్గడం ఆగేవరకూ నొక్కుతూ ఉండండి. పట్టికకు ముందున్న ఖాళీ పేరా, ఫైలు చివరి పేరా ఇలా పోకపోవచ్చు. వాటిని చేత్తో చూసుకోండి. ఖాళీగా కనిపించే వరుసలో స్పేస్ ఒకటి దాగి ఉన్నా ఈ వెతుకులాటకు దొరకదు. ¶ గుర్తు ముందు సన్నని చుక్క కనిపిస్తే అదే స్పేస్.

ఖాళీ పేరాలు పోయాక వచనానికి వాడిన స్టైల్లో ‘ఆఫ్టర్’ 8 పాయింట్లు పెట్టండి. శీర్షికల స్టైల్లో ‘బిఫోర్’ 18, ‘ఆఫ్టర్’ 6 చేయండి. శీర్షిక తన కింది వచనానికి దగ్గరగానూ పైదానికి దూరంగానూ ఉండాలి. అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే ఎంటర్లు కొట్టి తోయకండి. అధ్యాయ శీర్షిక స్టైల్లో ‘పేరాగ్రాఫ్’ పెట్టె తెరిచి, ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’లో ‘పేజ్ బ్రేక్ బిఫోర్’ టిక్ పెడితే చాలు.

ప్రశ్న: ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంటాను. మొదటి విభాగంలో పది ప్రశ్నలయ్యాక రెండో విభాగం 11తో మొదలవుతోంది. ‘రీస్టార్ట్ ఎట్ 1’ నొక్కితే కుదురుతుంది. కానీ ప్రశ్నలు అటూ ఇటూ మార్చాక మళ్లీ గందరగోళం. ఇంకో సమస్య: ఆప్షన్లకు అ, ఆ, ఇ, ఈ అని వాటంతట అవే పడే దారి ఉందా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: మీ రెండు సమస్యలకూ మందు ఒకటే, కాబట్టి కాస్త విపులంగా చెబుతాం.

తెరమీద మీకు ఒకే వరస కనిపించినా, నంబరున్న ప్రతి పేరా లోపల తాను ఏ జాబితాకు చెందినదో రాసుకుని ఉంటుంది. ‘రీస్టార్ట్ ఎట్ 1’ నొక్కినప్పుడు వర్డ్ అక్కడినుంచి కొత్త జాబితా పుట్టిస్తుంది. మొదటి విభాగం ప్రశ్నను కత్తిరించి రెండో విభాగంలో అతికిస్తే అది తన పాత జాబితా గుర్తింపుతోనే రావచ్చు. అందుకే రెండో విభాగం మధ్యలో హఠాత్తుగా 10 అని పడి, ఆ తర్వాతి ప్రశ్న తన లెక్క తాను సాగిస్తుంది. అలాంటప్పుడు నంబరు మీద రైట్ క్లిక్ చేసి ‘కంటిన్యూ నంబరింగ్’ నొక్కితే తాత్కాలికంగా కుదురుతుంది. ఏడాది పొడవునా పేపర్లు తయారుచేసేవారికి అది చాలదు.

విభాగాన్నీ ప్రశ్ననూ ఆప్షన్లనూ ఒకే బహుళ అంచెల జాబితాలో కట్టండి. ముందు స్టైల్స్ పట్టీ కింద ఉన్న ‘న్యూ స్టైల్’ బటన్‌తో ఆరు పేరా స్టైళ్లు సృష్టించుకోండి: విభాగం, ప్రశ్న, ఆప్షన్ అ, ఆప్షన్ ఆ, ఆప్షన్ ఇ, ఆప్షన్ ఈ. ఆ తర్వాత హోమ్ ట్యాబ్‌లో ‘మల్టీలెవల్ లిస్ట్’ బటన్ కింద ‘డిఫైన్ న్యూ మల్టీలెవల్ లిస్ట్’ తెరిచి, ఎడమవైపు కింద ‘మోర్’ నొక్కండి.

1వ అంచె ఎంచుకుని ‘లింక్ లెవల్ టు స్టైల్’లో ‘విభాగం’ పెట్టండి. ‘ఎంటర్ ఫార్మాటింగ్ ఫర్ నంబర్’ గడిలో బూడిదరంగు నీడతో ఒక అంకె ఉంటుంది. దాన్ని కదపకుండా దాని ముందు ‘విభాగం’ అని టైపు చేసి ఒక స్పేస్ ఇవ్వండి. ఆ నీడ ఉన్న అంకెను చెరిపి మీరే 1 అని కొడితే అది ఉత్త అక్షరమైపోతుంది, ప్రతి విభాగమూ ‘విభాగం 1’గానే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. చెరిగిపోతే ‘నంబర్ స్టైల్ ఫర్ దిస్ లెవల్’ నుంచి మళ్లీ ఎంచుకోండి, నీడ తిరిగొస్తుంది.

2వ అంచెకు ‘ప్రశ్న’ స్టైల్. గడిలో ఉన్నదంతా చెరిపి, నంబర్ స్టైల్‌గా 1, 2, 3 ఎంచుకుని పక్కన చుక్క పెట్టండి. ‘రీస్టార్ట్ లిస్ట్ ఆఫ్టర్’లో టిక్ ఉండి, పక్కన ‘లెవల్ 1’ అని ఉండాలి. కొత్త విభాగం రాగానే ప్రశ్నలు 1 నుంచి మొదలవడానికి కారణం ఈ టిక్కే. పేపరు మొత్తానికీ ఒకే వరస నంబర్లు కావాలంటే దీన్ని తీసేస్తే సరి. ‘అలైన్డ్ ఎట్’ 0, ‘టెక్స్ట్ ఇండెంట్ ఎట్’ 0.4 అంగుళం ఇవ్వండి.

ఇక అ, ఆ, ఇ, ఈ. వర్డ్‌లోని నంబర్ స్టైళ్లలో తెలుగు అచ్చుల వరస లేదు. హిందీ అక్షరాలున్నాయి, మనవి లేవు. అందుకే నాలుగు ఆప్షన్లకు నాలుగు అంచెలు వాడుకుందాం. 3వ అంచెలో నంబర్ స్టైల్ ‘నన్’ అని ఎంచుకుని, పై గడిలో చేత్తో ‘అ)’ అని టైపు చేయండి. ఇక్కడ అది ఉత్త అక్షరంగా ఉండటమే మనకు కావలసింది. దీన్ని ‘ఆప్షన్ అ’ స్టైల్‌కు లింక్ చేయండి. అలాగే 4వ అంచెకు ‘ఆ)’, 5కు ‘ఇ)’, 6కు ‘ఈ)’. నాలుగింటికీ ‘అలైన్డ్ ఎట్’ 0.4, ‘టెక్స్ట్ ఇండెంట్ ఎట్’ 0.75 అంగుళం ఒకేలా ఇవ్వాలి. లేదంటే ఆప్షన్లు మెట్లమెట్లుగా కుడివైపు జరిగిపోతాయి. వర్డ్ జాబితాలో మొత్తం తొమ్మిది అంచెలే ఉంటాయి. మనకు ఆరు చాలు.

ఓకే నొక్కాక, ఒక్కో స్టైల్‌నూ ‘మాడిఫై’ చేసి ‘స్టైల్ ఫర్ ఫాలోయింగ్ పేరాగ్రాఫ్’ మార్చండి: ప్రశ్న తర్వాత ఆప్షన్ అ, దాని తర్వాత ఆప్షన్ ఆ, ఆపైన ఇ, ఈ, ఈ తర్వాత మళ్లీ ప్రశ్న. ఇక మీరు ప్రశ్న టైపు చేసి ఎంటర్ కొడితే ‘అ)’ వస్తుంది, మళ్లీ ఎంటర్ కొడితే ‘ఆ)’. నాలుగో ఆప్షన్ తర్వాతి ఎంటర్‌కు 2వ ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. నంబరు బటన్ జోలికి వెళ్లే పనే లేదు. ప్రశ్నను ఆప్షన్లతో సహా కత్తిరించి ఎక్కడ అతికించినా, అక్కడి వరసలో ఇమిడిపోతుంది.

ఎడం విషయానికొస్తే, ‘ప్రశ్న’ స్టైల్‌లో ‘బిఫోర్’ 8, ‘ఆఫ్టర్’ 2, ఆప్షన్లన్నింటికీ రెండూ 0. ప్రశ్న ఒక పేజీలో, ఆప్షన్లు మరో పేజీలో పడటం పిల్లలకు పెద్ద ఇబ్బంది. ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’లో ‘కీప్ విత్ నెక్స్ట్’ టిక్‌ను ప్రశ్నకూ, మొదటి మూడు ఆప్షన్లకూ పెట్టండి. నాలుగోదానికి పెట్టొద్దు. పెడితే పేపరంతా ఒక గొలుసై, పేజీ ఎక్కడ తెంపాలో వర్డ్‌కు తోచదు. ఫైలును ‘వర్డ్ టెంప్లేట్’గా సేవ్ చేసుకుంటే వచ్చే పరీక్షకు ఈ కష్టం ఉండదు.

ప్రశ్న: జాబితాలో కొన్ని నంబర్లు బోల్డ్‌లో, కొన్ని మామూలుగా ఉన్నాయి. తెలుగు అక్షరాలు ఒక సైజు, నంబర్లు ఒక సైజు. పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లలోనైతే ‘ఎ, బి, సి’ అక్షరాల జాబితా పెడితే ఏవో తెలుగు ముక్కలు వస్తున్నాయి.
– డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, ఖమ్మం

జవాబు: నంబరు తన రూపాన్ని పేరాలోని మొదటి అక్షరం నుంచి తీసుకోదు. ¶ గుర్తు నుంచి తీసుకుంటుంది. పేరా చివరి మాటను బోల్డ్ చేస్తున్నప్పుడు ఆ గుర్తు కూడా సెలెక్షన్‌లో పడితే నంబరు బోల్డ్ అవుతుంది. ఆ ఒక్క ¶ గుర్తును సెలెక్ట్ చేసి కంట్రోల్ + స్పేస్ నొక్కండి, మామూలైపోతుంది. నంబర్లన్నీ ఒకే తీరుగా ఉండాలంటే ఏదైనా ఒక నంబరు మీద ఒకసారి క్లిక్ చేయండి. ఆ అంచెలోని నంబర్లన్నీ బూడిదరంగులోకి వస్తాయి. అప్పుడు ఫాంటు, సైజు, రంగు ఇస్తే అన్నింటికీ పడుతుంది.

సైజు తేడాకు కారణం వేరు. వర్డ్ ప్రతి వచనానికీ రెండు ఫాంట్లు గుర్తుపెట్టుకుంటుంది, ఇంగ్లిష్ లిపికి ఒకటి, తెలుగులాంటి లిపులకు మరొకటి. 1, 2, 3 అంకెలు ఇంగ్లిష్ ఖాతాలోకి వెళ్తాయి. కంట్రోల్ + డి నొక్కితే ‘లాటిన్ టెక్స్ట్’, ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని రెండు భాగాలు కనిపిస్తాయి. స్టైల్‌లోనే రెండింటికీ ఫాంటు, సైజు ఇవ్వండి. రెండో భాగం కనిపించకపోతే ఫైల్ మెనూలో ఆప్షన్స్, లాంగ్వేజ్ దగ్గర తెలుగును చేర్చి వర్డ్‌ను మూసి తెరవండి. సైజు అంకె ఒకటే ఇచ్చినా తెలుగు అక్షరం చిన్నదిగానో పెద్దదిగానో కనిపించవచ్చు. ఒక పాయింటు అటూ ఇటూ చేసి కంటికి సమం చేసుకోండి.

పాత ఫాంట్ల సంగతి: యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ వేరే సంకేతం ఇచ్చే పద్ధతి) పాటించని ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. నంబరూ అదే ఫాంటును తీసుకోవడంతో ఇంగ్లిష్ అక్షరం బదులు ముక్క వస్తుంది. నంబరు బటన్ పక్కనున్న బాణంలో ‘డిఫైన్ న్యూ నంబర్ ఫార్మాట్’ తెరిచి, ‘ఫాంట్’ నొక్కి టైమ్స్ న్యూ రోమన్ లాంటి మామూలు ఇంగ్లిష్ ఫాంటు ఇవ్వండి. ఇవ్వకుండా వదిలేస్తే నంబరు పక్కనున్న బ్రాకెట్టు కూడా మారిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఒకే నంబరు కింద రెండు పేరాలు రావాలి. ఎంటర్ కొడితే కొత్త నంబరు పడుతోంది. షిఫ్ట్ + ఎంటర్ కొడితే నంబరు పడట్లేదు గానీ పై వరుసలో మాటలు దూరదూరంగా సాగిపోతున్నాయి.
– న్యాయవాది గుమాస్తా, రాజమహేంద్రవరం

జవాబు: షిఫ్ట్ + ఎంటర్ పేరాను ముగించదు, వరుసను మాత్రం తెంపుతుంది. మీ వచనం రెండువైపులా సమంగా, అంటే జస్టిఫై చేసి ఉంది. పేరా ముగియలేదు కాబట్టి వర్డ్ ఆ తెగిన వరుసను కూడా కుడి అంచుదాకా లాగుతోంది. చిరునామాలాంటి చిన్న వరుసలు ఎడమవైపుకు సర్దినప్పుడు షిఫ్ట్ + ఎంటర్ సరిపోతుంది. పిటిషన్‌లాంటి కాగితాలకు అది తగదు. దానితో తెంపిన చోట పేరా ఎడం కూడా రాదు.

ఎంటర్ కొట్టి, ఆ కొత్త పేరాకు ‘లిస్ట్ కంటిన్యూ’ స్టైల్ ఇవ్వండి. ఇది వర్డ్‌లో ముందునుంచే ఉంది. పట్టీలో కనిపించకపోతే కింద ‘ఆప్షన్స్’లో ‘ఆల్ స్టైల్స్’ ఎంచుకోండి. దాని ‘లెఫ్ట్ ఇండెంట్’ను మీ జాబితాలోని ‘టెక్స్ట్ ఇండెంట్’తో సమానం చేస్తే రెండో పేరా సరిగ్గా మొదటిదాని కిందే నిలుస్తుంది. తర్వాతి నంబరు పేరాకు మళ్లీ జాబితా స్టైల్ ఇస్తే లెక్క తెగకుండా సాగుతుంది. ఇప్పటికే షిఫ్ట్ + ఎంటర్లతో నిండిన ఫైలు ఉంటే, ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ చివరన ఉన్న ‘లేఅవుట్ ఆప్షన్స్’లో ‘డోంట్ ఎక్స్‌పాండ్ క్యారెక్టర్ స్పేసెస్ ఆన్ ఎ లైన్ దట్ ఎండ్స్ విత్ షిఫ్ట్ రిటర్న్’ అన్న టిక్ పెడితే సాగడం ఆగుతుంది.

ప్రశ్న: ‘పైన 14వ పేరాలో చెప్పినట్టు’ అని రాశాక మధ్యలో ఇంకో పేరా చేర్చితే అది 15 అవుతోంది. ప్రతిసారీ వెతికి దిద్దాలా?
– అదే ఉత్తరంలో రెండో సందేహం

జవాబు: అంకెను చేత్తో రాయకండి. ‘రిఫరెన్సెస్’ ట్యాబ్‌లో ‘క్రాస్ రిఫరెన్స్’ తెరిచి, రకంగా ‘నంబర్డ్ ఐటమ్’, కింద ‘పేరాగ్రాఫ్ నంబర్’ ఎంచుకుని, జాబితాలో ఆ పేరా మీద క్లిక్ చేసి ‘ఇన్సర్ట్’ నొక్కండి. పేరాలు మారాక కంట్రోల్ + ఎ, ఆ తర్వాత ఎఫ్9. అంకెలన్నీ సరిదిద్దుకుంటాయి. ఎఫ్9 నొక్కకుండా పాత అంకెతోనే ప్రింటు తీసుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఫైల్, ఆప్షన్స్, డిస్‌ప్లేలో ‘అప్‌డేట్ ఫీల్డ్స్ బిఫోర్ ప్రింటింగ్’ టిక్ పెట్టుకోండి. మీరు సూచించిన పేరానే తొలగిస్తే ఆ చోట ‘ఎర్రర్’ అని మొదలయ్యే వాక్యం వస్తుంది. దాఖలు చేసేముందు ఆ మాట కోసం ఒకసారి వెతకండి.

ప్రశ్న: 9 దాటి 10కి రాగానే వచనం పక్కకు జరుగుతోంది. 100 దాటాక మరీ అన్యాయం. రూలర్ మీద సర్దితే ఒక్క పేరాకే పడుతోంది.
– గ్రంథాలయ సహాయకురాలు, కరీంనగర్

జవాబు: నంబరుకు కేటాయించిన చోటు చాలక, దాని వెనకున్న ట్యాబ్ తర్వాతి ట్యాబ్ స్థానానికి దూకుతోంది. నంబరు మీద రైట్ క్లిక్ చేసి ‘అడ్జస్ట్ లిస్ట్ ఇండెంట్స్’ తెరవండి. మామూలుగా నంబరు 0.25, వచనం 0.5 అంగుళం దగ్గర ఉంటాయి. మీ పుస్తకాల జాబితా వందలు దాటుతుంది కాబట్టి నంబరు 0, వచనం 0.55 చేయండి. ఒకట్ల స్థానాలు ఒకదాని కింద ఒకటి నిలవాలంటే ‘డిఫైన్ న్యూ నంబర్ ఫార్మాట్’లో ‘అలైన్‌మెంట్’ను ‘రైట్’ చేసి, నంబరు స్థానం 0.4 ఇవ్వండి. అప్పుడు అంకెలు తమ కుడి అంచుతో ఆ స్థానానికి ఆనుకుని ఎడమకు పెరుగుతాయి.

పట్టికలో క్రమసంఖ్య గడికైతే ఆ నిలువు వరస సెలెక్ట్ చేసి నంబరు బటన్ నొక్కండి. అక్కడ రెండు స్థానాలూ 0 చేసి, ‘ఫాలో నంబర్ విత్’లో ‘నథింగ్’ పెట్టాలి. లేదంటే ఇరుకు గడిలో నంబరు ఒక మూలకు ఒదిగిపోతుంది.

ప్రశ్న: తెలుగు, ఇంగ్లిష్ కలిపి టైపు చేస్తే వరుసల మధ్య దూరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటోంది. ‘ఎగ్జాక్ట్లీ’ పెడితే వత్తులు తెగుతున్నాయి, బొమ్మలు సన్నని గీతలా మిగులుతున్నాయి.
– చిన్న పత్రిక ఉపసంపాదకుడు, హైదరాబాద్

జవాబు: తెలుగు ఫాంటులో పైన గుడులకూ కింద వత్తులకూ చోటు కావాలి. అందుకే తెలుగు ఉన్న వరుస ఎత్తు ఎక్కువ, ఇంగ్లిష్ మాత్రమే ఉన్న వరుస ఎత్తు తక్కువ. ‘సింగిల్’, ‘1.15’ లాంటివి ఫాంటు సొంత ఎత్తును హెచ్చించే అంకెలే తప్ప స్థిరమైన కొలతలు కావు. గౌతమి ఫాంటులో 1.15, నిర్మల ఫాంటులో 1.15 ఒకటి కాదు. ఇంకో చిక్కూ ఉంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే ఐచ్ఛిక భాగంలోకి వెళ్లాయి. అది వేయని కంప్యూటర్లో మీ ఫైలు వేరే ఫాంటుతో తెరుచుకుని, పేజీలన్నీ మారిపోతాయి.

వరుసలు సమంగా రావాలంటే ‘ఎగ్జాక్ట్లీ’ సరైన దారే, అంకె మాత్రం తగినంత ఉండాలి. 12 పాయింట్ల తెలుగుకు 20తో మొదలుపెట్టి, ‘రాష్ట్రం’, ‘దృష్ట్యా’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి మాటలు వరుసగా రెండు మూడు లైన్లలో టైపు చేసి చూడండి. వత్తు కింది వరుస గుడిని తాకితే ఒక్కో పాయింటు పెంచండి. తెరమీద తెగినట్టున్నా కాగితం మీద బాగా రావచ్చు, అందుకని ఒక పేజీ ప్రింటు తీసి చూడాలి. బొమ్మ ఉన్న పేరాకు మాత్రం ‘సింగిల్’ ఇవ్వండి. ‘ఎగ్జాక్ట్లీ’లో వరుస ఎత్తు బొమ్మ కోసం పెరగదు, బొమ్మలో ఆ ఎత్తు మేరకే కనిపిస్తుంది. బొమ్మల కోసం వేరే స్టైల్ పెట్టుకోవడం మేలు. మేము మీ స్థానంలో ఉంటే పుస్తకానికి ‘ఎగ్జాక్ట్లీ’, రోజువారీ ఉత్తరాలకు ‘ఎట్ లీస్ట్’ వాడతాం. రెండోదానిలో వరుస అవసరమైతే పెరుగుతుంది, ఏదీ తెగదు.

ప్రశ్న: వెబ్‌సైట్ల నుంచి తెచ్చి అతికించిన పేరాల ఎడం ఎంత మార్చినా మాట వినదు. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ గడుల్లో ‘ఆటో’ అని ఉంటోంది.
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ‘ఆటో’ అనేది వెబ్ పేజీ నుంచి వెంట వచ్చిన ఎడం. ఆ పేరాలు సెలెక్ట్ చేసి కంట్రోల్ + క్యూ నొక్కితే పేరాకు బయటినుంచి అంటిన అమరికలన్నీ పోయి, స్టైల్‌లో ఉన్నదే మిగులుతుంది. బటన్ నొక్కి పెట్టిన నంబర్లు కూడా దీంతో పోతాయి, జాగ్రత్త. ఇకముందు అతికించేటప్పుడు రైట్ క్లిక్‌లో ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ ఎంచుకోండి. అలా తెచ్చిన వచనంలో నంబర్లు ఉత్త అక్షరాలుగా వస్తే, ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో నిలువుగా లాగండి. నంబర్ల పట్టీ ఒక్కటే సెలెక్ట్ అవుతుంది, డిలీట్ నొక్కి ఆపైన జాబితా స్టైల్ ఇవ్వండి.

ప్రశ్న: మా కార్యాలయంలో లిబ్రే ఆఫీస్ రైటర్ మాత్రమే ఉంది. ఇవే పనులు అందులో ఎలా?
– స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: ఎఫ్12 నొక్కితే నంబర్లు, షిఫ్ట్ + ఎఫ్12 నొక్కితే చుక్కలు, ఎఫ్11 నొక్కితే స్టైల్స్ పట్టీ. ¶ గుర్తులకు కంట్రోల్ + ఎఫ్10. ఒకే స్టైల్ పేరాల మధ్య ఎడం ఆపే టిక్ ఇక్కడా ‘ఫార్మాట్’, ‘పేరాగ్రాఫ్’, ‘ఇండెంట్స్ అండ్ స్పేసింగ్’లో ఉంటుంది. నంబరు కింద రెండో పేరా కావాలంటే ఎంటర్ కొట్టి, కొత్త నంబరు పడ్డాక ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. నంబరు పోతుంది, ఇండెంట్ నిలుస్తుంది.

రైటర్‌లో నంబరును మళ్లీ 1 నుంచి మొదలుపెట్టే ఆజ్ఞ ఆ ఒక్క పేరాకు అంటుకుని ఉంటుంది. మొదటి ప్రశ్నను తీసుకెళ్లి ఐదోదిగా పెడితే ఆ ఆజ్ఞా దానితోపాటే వెళ్లి, ఐదో చోట 1 పడుతుంది. జరిపాక దానిమీద రైట్ క్లిక్ చేసి ఆ ఆజ్ఞను తీసేసి, ఇప్పుడు మొదట ఉన్నదానికి ఇవ్వండి. ఎక్కువ జాబితాలుంటే ఒక లిస్ట్ స్టైల్ తయారుచేసి, పేరా స్టైల్‌లోని ‘అవుట్‌లైన్ అండ్ లిస్ట్’ పేజీలో దాన్ని జతచేయండి. మీ ఫైలు వర్డ్ వాడేవారికి పంపాల్సి వస్తే, అక్కడికక్కడ బటన్లతో పెట్టిన జాబితాలకన్నా ఇలా స్టైల్‌తో కట్టినవే తక్కువగా చెదురుతాయి. పంపేముందు పీడీఎఫ్ కూడా ఒకటి జత చేయండి. అవతలివారు తమ తెరమీద ఏం కనిపించాలో దానితో పోల్చి చూసుకుంటారు.